స్క్రూజ్ మెక్‌డక్ పూర్వవృత్తాంతము : ఒక పరిశీలనము

లోకమునకు ప్రీతిపాత్రమైన పాత్ర యొకటి వెలసిన పిమ్మట, అది యెక్కడ పుట్టెను, ఎట్లు పెరిగెను, దానికి ఇట్టి స్వభావ మెట్లబ్బెను అని పాఠకులు ప్రశ్నించుట సహజము. ఆ ప్రశ్నలకు సమాధానముగా తరువాతి రచయితలు కల్పించు కథను ఈ వ్యాసమున ‘పూర్వకథ’ యని వ్యవహరింతుము. పూర్వకథలు తరచుగా నీరసములై యుండును. ఫలము ముందే తెలిసియుండగా బీజమును పిదప వెదకుట వానిలోని చిక్కు. ధనవంతుడు ధనవంతుడగుననియు, వీరుడు వీరుడగుననియు పాఠకునకు మొదటి పుటయందే తెలియును. ఇక చదువుటకు ప్రేరేపించున దేమి?

ఈ ప్రశ్నకు అమెరికా దేశపు చిత్రకథా సాహిత్యమున ఒక చక్కని సమాధానము కలదు. అది డాన్ రోసా స్వయముగా రచించి, చిత్రించిన ‘ద లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ స్క్రూజ్ మెక్‌డక్’. పండ్రెండు అధ్యాయముల ఈ కృతి 1992 - 1994 సంవత్సరముల మధ్య మొదట డెన్మార్కు దేశపు వారపత్రికయందును, తరువాత 1994 - 1996లో అమెరికాయందు ‘అంకుల్ స్క్రూజ్’ పత్రిక 285 మొదలు 296 వరకు గల సంచికలలోను వెలువడెను. 1995లో దీనికి ఉత్తమ ధారావాహికగా ఐస్నర్ పురస్కారము లభించెను. బాతుల బొమ్మల కథకు పరిశోధన పత్రికలో చోటేమని కొందరు శంకింపవచ్చును. కాకులు, గుడ్లగూబలు రాజనీతి చెప్పుకొనిన పంచతంత్రమును పాఠ్యగ్రంథముగా స్వీకరించిన మనకు ఆ శంక తగదు.

ఈ కృతి గొప్పతనము స్క్రూజ్ ధనవంతుడైన విధమును చెప్పుటలో లేదనియు, అతడు ఒంటరివాడైన విధమును చెప్పుటలో నున్నదనియు మా అభిప్రాయము. ఆ అభిప్రాయమును సమర్థించుటయే ఈ వ్యాసోద్దేశము.

బార్క్స్ విడిచిన జాడలు

స్క్రూజ్ పాత్రకు స్రష్ట కార్ల్ బార్క్స్ (1901 - 2000). 1947 డిసెంబరు నాటి ‘క్రిస్మస్ ఆన్ బేర్ మౌంటెన్’ అను కథలో ఈ పాత్ర తొలిసారి కనిపించినది. 1843లో వెలువడిన డికెన్స్ క్రిస్మస్ కథలోని లోభి పేరే దీనికి పెట్టబడెను. ఆ మొదటి కథలో స్క్రూజ్ వంగిన నడుముతో, చేతికఱ్ఱతో, కళ్ళజోడుతో, పెద్ద భవనమున ఒంటరిగా కూర్చుండి పండుగను, లోకమును ద్వేషించు వృద్ధుడు. అంతకు మించి అతనికి చరిత్ర లేదు.

తరువాతి కథలలో బార్క్స్ ఆ వృద్ధునకు క్రమక్రమముగా గతమును ప్రసాదించెను. 1952 నాటి ‘ఓన్లీ ఎ పూర్ ఓల్డ్ మాన్’ కథలో స్క్రూజ్ తన నాణెములలో ఈత కొట్టుచు, ఒక్కొక్క నాణెమునకు ఒక్కొక్క జ్ఞాపకమున్నదనియు, కష్టములో కఠినులను, తెలివిలో తెలివిగలవారిని మించి, ధర్మము తప్పక తాను దానిని సంపాదించితిననియు చెప్పుకొనును. 1953 నాటి ‘బ్యాక్ టు ద క్లాండైక్’ కథలో బంగారపు గనుల నాటి గోల్డీ యను స్త్రీ మరల తటస్థపడును. అందులో అతడు బుద్ధిపూర్వకముగా ఆమెకు బంగారము దక్కునట్లు చేసి, పైకి మాత్రము తన మతిమరుపును నిందించుకొనును. లోభి గుండెలో దాగిన ఔదార్యమును ఒక్క అబద్ధముతో చూపిన ఘట్టమది.

అయితే 1949 నాటి ‘వూడూ హూడూ’ అను కథ వీనికి పొసగదు. అందు స్క్రూజ్ ఆఫ్రికాలో ఒక తెగవారి నేలను దుండగుల సాయముతో కాజేసినవాడు. ఆ తెగ నాయకుడు ‘బాంబీ’ యను బేతాళసదృశమైన కదలు శవమును పగ తీర్చుకొనుటకై పంపెను. 1949లో దోపిడి చేసినవాడు 1952లో తన ధనమంతయు ధర్మార్జితమనుచున్నాడు. బార్క్స్ ఈ రెండింటిని సమన్వయింప పూనుకొనలేదు. అతనికా అవసరమును లేదు. వాని కథలు సంచికకు సంచిక వెలువడునవి. చాలకాలము వానిపై రచయిత పేరైనను ఉండెడిది కాదు. ‘మంచి బాతుల చిత్రకారుడు’ అని మాత్రమే పాఠకులు అతనిని గుర్తించిరి.

రోసా కూర్పు

డాన్ రోసా 1951లో కెంటకీ రాష్ట్రమందలి లూయీవిల్‌లో జన్మించెను. సివిల్ ఇంజనీరింగ్ చదివి, కుటుంబ వ్యాపారము చేయుచుండి, 1987లో తన మొదటి బాతుకథను ప్రకటించెను. దట్టమైన గీతలు, లెక్క తప్పని భవనములు, ప్రతి మూలయందును ఏదో ఒక చిన్న వింత కలిగిన అతని చిత్రములలో ఇంజనీరు చేయి కనిపించును.

అతని పద్ధతి పరిశోధకుని పద్ధతి. బార్క్స్ కథలలో స్క్రూజ్ తన గతమును గూర్చి పలికిన ప్రతి మాటను ఏరి, వానిని కాలక్రమమున అమర్చి, ఆ మాటలకు చోటు చాలునట్లు ఒక జీవితమును నిర్మించెను. తాను కల్పించినది ముందువాని మాటతో విరోధింపరాదను నియమమును పెట్టుకొనెను. మన సాహిత్యమున దీనికి సాదృశ్యము లేకపోలేదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును పూరించిన ఎఱ్ఱన, నన్నయ కృతిపతియగు రాజరాజనరేంద్రునకే దానిని అంకితము చేసి, తన పూరణమును నన్నయ రచనయే యన్నట్లు నడపెను. రోసాయు తన కథల మొదటి బొమ్మలలో ‘డి. యు. సి. కె.’ అను నాలుగక్షరములను గడ్డిపోచలలోనో, రాతి పగుళ్ళలోనో దాచుచుండెను. కీనో తన అంకుల్ కార్ల్‌నకు అంకితము చేయుచున్నాడని వాని భావము. కీనో యనునది రోసా పూర్తి పేరులోని మొదటి భాగము.

సాదృశ్యము ఇంతవరకే. ఎఱ్ఱనకు పూరింపవలసిన కథ ముందే వ్యాసభారతమున సిద్ధముగా నున్నది. రోసాకు చేతనున్నవి తునుకలు. అవియు పరస్పర విరుద్ధములు.

కథ 1877లో గ్లాస్గో నగరమున ఆరంభమగును. పదేండ్ల బాలుడు స్క్రూజ్ ఒక కూలివాని బురద బూట్లను శ్రమించి తుడిచి, ప్రతిఫలముగా ఒక అమెరికా నాణెమును పొందును. స్కాట్లండులో అది చెల్లదు. మోసపోతినని గ్రహించిన బాలుడు, ఇకపై లోకములోని కఠినులకు కఠినుడనై, తెలివిగలవారికి తెలివిగలవాడనై, ధర్మముగా సంపాదింతునని నిశ్చయించుకొనును. ఆ కూలివానిని చెల్లని నాణెముతో పంపినవాడు కన్నతండ్రి ఫెర్గస్ అని పాఠకునకు తెలియును, బాలునకు తెలియదు. కుమారునకు బుద్ధి గరపుటకై తండ్రి చేసిన చిన్న వంచనయే ఆ మహాసంపదకు మొదటి నాణెమైనది. స్క్రూజ్ జీవితాంతము పూజించు నాణెము నిజమునకు ధనము కాదు, తండ్రి ప్రేమ. కాని అతడు దానిని ధనమనియే భావించెను. ఈ అపార్థమే కావ్యమున కంతటికిని బీజము.

అక్కడినుండి మిసిసిపీ నదిపై పడవలు, మొంటానాలో పశువుల మందలు, బ్యూట్ పట్టణపు రాగి గనులు, ట్రాన్స్‌వాల్, ఆస్ట్రేలియా - ఇట్లు పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగపు గనుల చరిత్ర యంతయు స్క్రూజ్ కాళ్ళక్రింద నడచును. ప్రతిచోటను అతడు ఓడిపోవును. లేక చేతికందిన దానిని కుటుంబమునకై విడిచి వచ్చును. 1896 - 97లో క్లాండైక్ ప్రాంతమున బంగారము దొరకువరకు ఎనిమిది అధ్యాయములు గడచును. తరువాత 1909 మొదలు 1930 వరకు అతడు లోకములోకెల్ల ధనవంతుడైన ఇరువదియొక్క సంవత్సరములకు ఒక్క అధ్యాయము చాలినది. ఇరువదియేండ్ల అపజయమునకు ఎనిమిది, ఇరువదియేండ్ల ఐశ్వర్యమునకు ఒకటి! ఈ పరిమాణభేదము ఒక్కటియే కవిహృదయమును తెలుపగలదు.

ఎనిమిదవ అధ్యాయమున ఒక అపూర్వ సన్నివేశము కలదు. బురదలోనుండి స్క్రూజ్ ఒక పెద్ద గడ్డను పైకి తీయును. దానిపై మట్టి తుడిచినచో అది రాయియో బంగారమో తేలిపోవును. అతడు తుడువక ఆగును. నిజముగా నేను ధనవంతుడను కాగోరుచున్నానా? అయినచో ఇంతవరకు నేనైయున్నది ఏమగును? అని క్షణకాలము తలపోసి, పిదప తుడుచును. పాఠకునకు ఫలితము ముందే తెలియును. అయినను ఆ క్షణమున గుండె ఆగును. అతడు తుడువకుండిన బాగుండునని అనిపించును. పూర్వకథకు సహజమైన నీరసత్వమును రోసా ఇట్లు శోకముగా మార్చినాడు. ఫలము తెలిసియుండుట ఇచ్చట ఉత్కంఠకు భంగము కాక, కరుణకు ఆలంబన మగుచున్నది.

దోషమును నిలుపుట

ఇక పదునొకండవ అధ్యాయము. కృతికి ప్రాణభూతమైన దిదియే.

వక్రోక్తిజీవిత కర్త కుంతకుడు ప్రకరణవక్రతను వివరించుచు, ప్రసిద్ధ కథలో కవి కల్పించిన లేశమాత్రపు నూతనాంశము కథకంతకును లావణ్యము చేకూర్చునని చెప్పి, శాకుంతలములోని దుర్వాసుని శాపమును ఉదాహరించెను. భారతకథలో దుష్యంతుడు తెలిసియు శకుంతలను ఎరుగననెను. కాళిదాసు శాపమును కల్పించి ఆ మరపును నిర్దోషము గావించెను. నాయకుని రక్షించుటకు ఇది రాజమార్గము.

రోసా ముందును ఇట్టి మార్గము తెరచియే యున్నది. 1949 నాటి దుష్కృత్యమును విస్మరించినచో అడుగువారు లేరు. దానిని మరియొకరి కుట్రగా మార్చినను కాదనువారు లేరు. అతడు రెండును చేయలేదు. స్క్రూజ్ చేతనే దుండగులను కూలికి పెట్టించి, ఊరిని నాశనము చేయించి, పిమ్మట మారువేషముతో నాయకుని వంచించి నేలను కాజేయించెను. 1952 నాటి ధర్మార్జనపు మాటను గూడ విడువలేదు. అందుచేత ఆ దుష్కృత్యము స్క్రూజ్ జీవితమున ఒకే ఒక అధర్మమైనది. తన్ను తాను ఏ మాటతో నిర్మించుకొనెనో ఆ మాటను తప్పిన దినమైనది. కాళిదాసున శాపము ముందు, దోషము వెనుక. శాపమే దోషమునకు సమాధానము. ఇచ్చట దోషము ముందు, శాపము వెనుక, సమాధానము లేదు.

ఆ కార్యమును చూచి వెంటనున్న చెల్లెండ్రు మటిల్డా, హార్టెన్స్ అతనిని విడిచిపోదురు. 1930లో అతడు డక్‌బర్గ్‌నకు తిరిగివచ్చునప్పటికి బంధువులందరు స్వాగతమునకై వేచియుందురు. అతడు వారిని కసరి తరుముకొనును. హార్టెన్స్ కుమారుడు, పసివాడైన డొనాల్డ్, అతనిని కాలితో తన్నును. వారు వెడలిన పిమ్మట స్క్రూజ్ మనసు ఒకింత చలించును. కాని తాను ప్రపంచమున ప్రథమ ధనవంతుడైతినను వార్త ఆ క్షణముననే అందును. అతడిక వెనుదిరుగడు.

ఇచ్చట మన భాషకు మాత్రమే తోచు అంశమొకటి కలదు. ఇంగ్లీషు భాషలోని ‘అంకుల్’ అను పదము పెదతండ్రికి, పినతండ్రికి, మేనమామకు సమానమే. పత్రిక పేరుగా నిలిచిన ఆ పదము ఏ బంధమును నిర్దేశింపదు. రోసా కథలో స్క్రూజ్ తల్లికి తోబుట్టువు, అనగా మేనమామ. చెల్లెలిని కసరి పంపుటతో అతడు పోగొట్టుకొనినది ఆ బంధమునే. పండ్రెండవ అధ్యాయమున 1947లో, బార్క్స్ మొదటి కథ ముగిసిన మరునాడు, ఆ మేనల్లుడు తన మేనల్లుండ్రను వెంటబెట్టుకొని వాకిట నిలుచును. పదునేడేండ్ల మౌనము తరువాత ఇంటి తలుపు తెరువబడును. పిల్లలు పాతపెట్టెను వెదకగా గోల్డీ కురుల పాయ యొకటి బయల్పడును. బంగారము కన్న అతడు భద్రముగా దాచిన వస్తువది. బీగిల్ బాయిస్ దోపిడికి వచ్చినప్పుడు ఆ వృద్ధునియందు వెనుకటి పౌరుషము మేల్కొనును. బార్క్స్ నిలిపిన వంగిన నడుము వృద్ధుడు కథాదియందు కాక కథాంతమునందు దర్శనమిచ్చుటచే, 1947 నాటి హాస్యచిత్రము మనకిప్పుడు వేరుగా తోచును. మన కవులు లోభిని సాధారణముగా నిందించి విడిచిరి. లోభి కాకపూర్వము అతడెవరని రోసా అడిగినాడు.

లోపములు

కృతి నిర్దోషమని మేమనము. సంగ్రహకర్త అప్పుడప్పుడు కవిని మ్రింగివేసినాడు. స్క్రూజ్ తరువాతి జీవితమున ఎదుర్కొను శత్రువులందరు యౌవనముననే తారసపడవలెనా? బీగిల్ కుటుంబము మిసిసిపీలోను, ఫ్లింట్‌హార్ట్ గ్లామ్‌గోల్డ్ ట్రాన్స్‌వాల్‌లోను ముందే కలిసికొందురు. గ్లామ్‌గోల్డ్ చేసిన ద్రోహము స్క్రూజ్‌నకు నమ్మకమును పోగొట్టినది గనుక ఆ ఘట్టము సార్థకము. మిగిలిన కూడికలవలన విశాలప్రపంచము ఒక చిన్న వీధివలె కుదించుకొనిపోవుచున్నది. థియొడోర్ రూజ్‌వెల్ట్ ఒక్కసారి కనిపించిన అలంకారము. మరల మరల కనిపించిన కాకతాళీయము. టైటానిక్ ఓడ మునుగుటకు సయితము ఈ కథలో చోటు దొరకుట ఔచిత్యమును మించినది. కారణము చెప్పదగినదానికి, చెప్పవలసిన పని లేనిదానికి గల భేదమును పూర్వకథాకర్త ఎన్నడును మరువరాదు.

ఇంతకన్న గంభీరమైన లోపము పదునొకండవ అధ్యాయముననే యున్నది. ఆఫ్రికా జనులను వికృతముగా చిత్రించు నాటి అమెరికా సంప్రదాయమునుండి బార్క్స్ 1949 కథ పుట్టినది. మంత్రగాడైన నాయకుడు, నడచు శవము అను సామగ్రిని రోసా ఆ కథనుండియే గ్రహించెను. మూలమునకు విధేయుడగుట దానియందలి దృష్టిదోషమునుండి విముక్తుడగుట కాదు. పండ్రెండు అధ్యాయములలో ఒక లోభికి తల్లి, తండ్రి, చెల్లెండ్రు, వంశము, కోట, అన్నియు చేకూరినవి. ఊరు పోగొట్టుకొనినవారికి గతము లేదు, ఇంటిపేరు లేదు. వారి నష్టము స్క్రూజ్ ఆత్మచరిత్రలో ఒక మలుపు మాత్రమే.

2023లో డిస్నీ సంస్థ ఈ అధ్యాయమును, బాంబీ కనిపించు మరియొక కథను ఇకపై పునర్ముద్రింపరాదని నిర్ణయించినట్లు రోసా వెల్లడించెను. నిర్ణయమునకు వెనుకనున్న న్యాయమును పైవాక్యములలో మేమే అంగీకరించితిమి. అయినను ఫలితమును పరిశీలింపవలెను. పదునొకండవ అధ్యాయము తొలగినచో పదియవ దానియందు చెల్లెండ్రతో కొత్త ఊరున స్థిరపడిన యువకుడు, పండ్రెండవ దానియందు కారణము లేక ఒంటరియైన వృద్ధుడు మిగులుదురు. నాయకుడు ఎవరికిని అపకారము చేయనివాడగును. ఆఫ్రికా జనుల గౌరవమును కాపాడుటకై చేసిన పని, వారికి జరిగిన అన్యాయమునకు గల ఒక్క సాక్ష్యమును చెరిపివేయును. దుర్వాసుని శాపము చేయు పనినే ఈ నిర్ణయము చేయుచున్నది. అయితే శాకుంతలమున శాపము కవి కల్పితము. ఇచ్చట అది ప్రకాశకుల చేతిలోనిది.

పీఠికతో, చారిత్రక వివరణముతో ఆ అధ్యాయమును నిలుపుటయే యుక్తమని మా అభిప్రాయము. ప్రాచీన కృతులలో మనకు రుచింపని ఘట్టములను ప్రక్షిప్తములని త్రోసివేయు అలవాటు మన పరిష్కర్తలలోను లేకపోలేదు. పాఠమును కాపాడుట వేరు, పాఠమును సమర్థించుట వేరు. మొదటిది పరిశోధకుని విధి. రెండవదానికి అతడు బద్ధుడు కాడు.

ఉపసంహారము

పూర్వకథ పాత్రకు కారణములను కూర్చునదిగా మాత్రమే యున్నచో అది పట్టికయై మిగులును. ఆ పాత్ర తన్నుతాను ఏ మాటతో కట్టుకొనెనో, ఆ మాట ఎచ్చట తప్పెనో చూపగలిగినప్పుడు అది కావ్యమగును. రోసా బార్క్స్‌నకు విధేయుడు. బార్క్స్ కథలలోని పొందికను గాక, అందలి పొందికలేమిని గూడ గౌరవించుట అతని విధేయతలోని విశేషము. రెండు పొసగని వాక్యములలో ఒకదానిని కొట్టివేయక, రెండును నిజమైనచో ఆ మనుష్యుడెట్టివాడని అతడు ప్రశ్నించినాడు. మన పురాణ ప్రబంధములలో మూలకథతో విరోధించు ఘట్టములను పరిశీలించు పరిశోధక విద్యార్థులు ఈ ప్రశ్నను తమ పాఠములకును వేసి చూచినచో ప్రయోజనము కలుగునని మా విశ్వాసము.